పాత హక్కు మీద నిలిచే కొత్త విండోస్: అప్‌గ్రేడ్ లైసెన్స్ ఎలా పనిచేస్తుంది?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్లు అంతటితో ఆగిపోలేదు. అవి ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. అయితే కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిచేసే ఉచిత అప్‌డేట్లు మామూలుగా అందడం ఆగిపోయింది. ఇళ్లలో, బడుల్లో, చిన్న దుకాణాల్లో పాత కంప్యూటర్లు వాడుతున్నవారికి అప్పటి నుంచి కొన్ని సందేహాలు మొదలయ్యాయి. విండోస్ 11కు మారాలంటే మళ్లీ డబ్బు కట్టాలా? కంప్యూటర్‌తో పాటు వచ్చిన పాత లైసెన్స్ చెల్లుతుందా? హార్డ్‌డిస్క్ మార్చినా, ఫార్మాట్ చేసినా అది మిగులుతుందా?

వీటన్నింటికీ జవాబు అప్‌గ్రేడ్ లైసెన్స్ అనే ఏర్పాటులో ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే రెండు విషయాలను విడివిడిగా చూడాలి. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను వాడే హక్కు మనకు ఉందా అన్నది మొదటిది. ఆ హక్కు ఉన్నట్టు యంత్రం గుర్తిస్తుందా అన్నది రెండోది. ఎక్కువసార్లు ఈ రెండూ కలిసే ఉంటాయి. కొన్నిసార్లు హక్కు లేకపోయినా యంత్రం ఒప్పుకుంటుంది, మరికొన్నిసార్లు హక్కు ఉన్నా ఒప్పుకోదు. వాడుకదారులు డబ్బు పోగొట్టుకునేది చాలావరకు ఈ తేడా తెలియకే.

కొన్నది వస్తువా, అనుమతా?

భారత కాపీరైట్ చట్టం (1957) కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను సాహిత్య రచనగా పరిగణిస్తుంది. 1984లో చేసిన సవరణతో ప్రోగ్రామ్‌లు ఈ కోవలోకి వచ్చాయి. ఒక నవల కొన్నవారికి ఆ పుస్తకం సొంతమవుతుంది కానీ నవలను మళ్లీ అచ్చువేసే హక్కు రాదు. సాఫ్ట్‌వేర్‌లోనూ సూత్రం ఇదే. కాకపోతే ఒక చిక్కు ఉంది. పుస్తకాన్ని నకలు తీయకుండానే చదువుకోవచ్చు. ప్రోగ్రామ్‌ను అలా వాడలేం. సీడీ నుంచి హార్డ్‌డిస్క్‌లోకి, అక్కడి నుంచి మెమరీలోకి నకలు చేస్తే తప్ప అది పనిచేయదు. అంటే వాడకానికే నకలు అవసరం, నకలుకు హక్కుదారు అనుమతి అవసరం. ఆ అనుమతి పత్రమే లైసెన్స్.

సాఫ్ట్‌వేర్ సరుకా, కేవలం అనుమతా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలా వెళ్లిన ముఖ్యమైన కేసుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌దే. పెట్టెల్లో రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్‌పై రాష్ట్ర ప్రభుత్వం అమ్మకపు పన్ను వేయడాన్ని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సవాలు చేసింది. సీడీ వంటి మాధ్యమంలోకి ఎక్కించి అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకే అవుతుందని 2004 నవంబర్‌లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆదాయపు పన్నుకు సంబంధించిన మరో కేసులో 2021 మార్చిలో ఇంకో తీర్పు వచ్చింది. ఇలాంటి లైసెన్స్‌తో వాడుకదారుకు ప్రోగ్రామ్‌ను వాడుకునే వీలు మాత్రమే వస్తుందని, కాపీరైట్‌లోని హక్కులు బదిలీ కావని అందులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మొత్తమ్మీద పెట్టె మనదే. లోపలి ప్రోగ్రామ్‌ను ఎన్ని యంత్రాల్లో వాడాలి, వేరే కంప్యూటర్‌కు మార్చుకోవచ్చా లేదా అన్నవి మాత్రం లైసెన్స్ షరతులు నిర్ణయిస్తాయి.

లింకు డాక్యుమెంట్ల లెక్క

ఇళ్ల స్థలం కొనేవారు అమ్మేవ్యక్తి పేరున ఉన్న దస్తావేజు ఒక్కటీ చూసి ఊరుకోరు. ఆ స్థలం అతనికి ఎవరి నుంచి వచ్చింది, వారికి ఎవరి నుంచి వచ్చిందో చెప్పే లింకు డాక్యుమెంట్లు కూడా అడుగుతారు. గొలుసులో ఒక కాగితం తప్పినా చివరి దస్తావేజు బలం తగ్గుతుంది. అప్‌గ్రేడ్ లైసెన్స్ కూడా ఇలాంటిదే. అది ఒంటరిగా చెల్లదు. దాని వెనుక అర్హత ఉన్న పాత లైసెన్స్ ఒకటి ఉండాలి. పూర్తి లైసెన్స్‌కు మాత్రం వెనుక ఏ కాగితమూ అక్కర్లేదు. ఖాళీ కంప్యూటర్ మీద కూడా దాన్ని వాడుకోవచ్చు.

అప్‌గ్రేడ్ ధర తక్కువగా ఉండటానికి కారణం కూడా ఇదే. వాడుకదారు పాత లైసెన్స్‌కు ఒకసారి డబ్బు కట్టే ఉన్నారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ హోమ్ పూర్తి లైసెన్స్ ధర అమెరికాలో 199 డాలర్లు, అప్‌గ్రేడ్ 99 డాలర్లు. 2009లో విండోస్ 7 హోమ్ ప్రీమియం పూర్తి లైసెన్స్ 199.99 డాలర్లు, అప్‌గ్రేడ్ 119.99 డాలర్లు. 2012 అక్టోబర్‌లో విండోస్ 8 వచ్చినప్పుడు ప్రో ఎడిషన్ అప్‌గ్రేడ్‌ను డౌన్‌లోడ్ రూపంలో 39.99 డాలర్లకే ఇచ్చారు. ఆ ధర 2013 జనవరి 31 దాకా నడిచింది.

ఈ తగ్గింపుకు ప్రతిగా రెండు షరతులు ఉంటాయి. మొదటిది, అప్‌గ్రేడ్ తర్వాత పాత లైసెన్స్ కొత్తదానిలో కలిసిపోతుంది. పాత విండోస్‌ను తీసి ఇంకో కంప్యూటర్‌లో వేసుకోవడం కుదరదు. చేతిలో రెండు డిస్కులు ఉన్నా హక్కు ఒక్కటే. రెండోది, గొలుసు తెగకూడదు. ఎక్స్‌పీ మీద విండోస్ 7 అప్‌గ్రేడ్, దాని మీద విండోస్ 10 వేసినప్పుడు మొట్టమొదటి ఎక్స్‌పీ దొంగ నకలైతే పైన కట్టినవన్నీ పునాది లేని అంతస్తులే.

లైసెన్స్ వేరు, ఇన్‌స్టాల్ చేసే పద్ధతి వేరు

అప్‌గ్రేడ్ అనే మాటను రెండు అర్థాల్లో వాడతారు. చాలా గందరగోళం ఇక్కడే పుడుతుంది. ఒకటి పైన చెప్పిన లైసెన్స్. రెండోది ఇన్‌స్టాల్ చేసే ఒక పద్ధతి. అందులో పాత సిస్టమ్ మీదే కొత్తది ఎక్కుతుంది. ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు, సెట్టింగులు అలాగే ఉంటాయి. దీనికి భిన్నమైనది క్లీన్ ఇన్‌స్టాల్. అందులో డిస్క్‌ను తుడిచి కొత్త సిస్టమ్‌ను మొదటి నుంచి వేస్తారు.

అప్‌గ్రేడ్ లైసెన్స్ కొన్నవారు మొదటి పద్ధతినే వాడాలని నియమం లేదు. విండోస్ 7 ఇందుకు మంచి ఉదాహరణ. ఎక్స్‌పీ ఉన్నవారు కూడా తక్కువ ధర అప్‌గ్రేడ్ లైసెన్స్‌కు అర్హులే. కానీ ఎక్స్‌పీ మీద నేరుగా విండోస్ 7 ఎక్కదు. ఫైళ్లను వేరేచోట దాచుకుని, క్లీన్ ఇన్‌స్టాల్ చేసి, ప్రోగ్రామ్‌లను మళ్లీ వేసుకోవాల్సిందే. విస్టా ఉన్నవారికి మాత్రం పాతదాని మీదే కొత్తది ఎక్కించే వీలుండేది. 32 బిట్ విండోస్ నుంచి 64 బిట్ విండోస్‌కు మారేవారికి ఏ వెర్షన్‌లోనైనా క్లీన్ ఇన్‌స్టాలే దారి. హక్కు ఒక్కటే అయినా ఇన్‌స్టాల్ చేసే దారి యంత్రాన్ని బట్టి మారుతుందన్నమాట.

పాత విండోస్ ఉందని యంత్రానికి ఎలా తెలిసేది?

స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లను పరిశీలించడానికి మనిషి ఉంటాడు. ఇంట్లో కూర్చుని ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌కు ఆ పని ఎవరు చేయాలి? ముప్పై ఏళ్లలో దీనికి రకరకాల మార్గాలు వచ్చాయి.

విండోస్ 95, 98 రోజుల్లో ఇన్‌స్టాల్ ప్రోగ్రామ్ ముందుగా హార్డ్‌డిస్క్‌లో పాత విండోస్ ఫైళ్ల కోసం వెతికేది. అవి కనిపించకపోతే పాత వెర్షన్ ఫ్లాపీనో సీడీనో పెట్టమని అడిగేది. డిస్క్ చూపించగానే పని ముందుకు సాగేది. ఎక్స్‌పీ అప్‌గ్రేడ్ సీడీ కూడా ఇలాగే నడిచింది. ఖాళీ హార్డ్‌డిస్క్ మీద కూడా, పాత సీడీని ఒకసారి చూపించి, దాన్ని ఇన్‌స్టాల్ చేయవచ్చు. ఈ పద్ధతి వాడుకదారుకు సులువు. అయితే స్నేహితుడి సీడీ తెచ్చి చూపించినా ఆ ప్రోగ్రామ్‌కు తేడా తెలియదు.

విస్టాతో ఈ పద్ధతి మారింది. అప్‌గ్రేడ్ కీ వాడాలంటే పాత విండోస్ ఆ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉండాలి, దాని లోపలి నుంచే కొత్తదాన్ని మొదలుపెట్టాలి. సీడీ చూపిస్తే సరిపోదు. దీనివల్ల న్యాయంగా కొన్నవారికే ఇబ్బంది వచ్చింది. హార్డ్‌డిస్క్ పాడైతే ముందు ఎక్స్‌పీ వేసి, ఆ తర్వాత విస్టా వేయాలి. ఇంతలో మరో దారి బయటపడింది. కీ ఇవ్వకుండా విస్టాను ఒకసారి ఇన్‌స్టాల్ చేసి, దాని లోపలి నుంచి అదే డిస్క్‌తో రెండోసారి అప్‌గ్రేడ్ చేస్తే సరిపోయేది. కంప్యూటర్‌లో విండోస్ ఒకటి ముందే ఉందన్నంత వరకే ఆ ప్రోగ్రామ్ చూసేది. అది అప్పుడే వేసిన విస్టానే అన్న సంగతిని పట్టించుకునేది కాదు.

యంత్రం ఒప్పుకున్నంత మాత్రాన హక్కు రాదన్న విషయం ఇక్కడ తేటగా కనిపిస్తుంది. పాత ఎక్స్‌పీ లైసెన్స్ ఉండి హార్డ్‌డిస్క్ పాడైనవారికి ఈ దారి శ్రమ తగ్గించింది. పాత లైసెన్సే లేనివారికి కూడా కంప్యూటర్ తెర మీద ఫలితం ఒకేలా కనిపించింది. లైసెన్స్ ప్రకారం మాత్రం వారి దగ్గర ఉన్నది చెల్లని విండోస్.

25 అక్షరాల కీ, యంత్రం వేలిముద్ర

ప్రొడక్ట్ కీలో 25 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఎక్స్‌పీ కాలం నాటి కీల్లో ఒక్కో స్థానంలో 24 గుర్తుల్లో ఏదో ఒకటి వచ్చేది. అచ్చులు వాడరు. సున్నా, ఒకటి వంటి, అక్షరాలుగా పొరబడే అంకెలూ ఉండవు. 25 స్థానాల్లో 24 గుర్తులంటే మొత్తం అమరికలు 24ను 25సార్లు హెచ్చించినన్ని. ఆ సంఖ్యలో 35 అంకెలు ఉంటాయి. అందులో చెల్లే కీలు చాలా కొద్ది భాగమే. గుడ్డిగా టైప్ చేస్తే చెల్లే కీ తగిలే అవకాశం దాదాపు లేనట్టే.

అయితే చెల్లే కీ ఒకటి దొరికితే దాన్ని ఎన్ని యంత్రాల్లో వాడుతున్నారో ఎలా తెలుస్తుంది? ఇళ్లలో వాడే విండోస్‌కు ఎక్స్‌పీతో వచ్చిన యాక్టివేషన్ ఇందుకోసమే. ఇన్‌స్టాల్ చేసిన 30 రోజుల్లోగా ఇంటర్నెట్ ద్వారానో ఫోన్ చేసో మైక్రోసాఫ్ట్ దగ్గర కీని నమోదు చేయించుకోవాలి. కీతో పాటు యంత్రం వేలిముద్ర లాంటి ఒక సంఖ్య కూడా వెళ్తుంది. ప్రాసెసర్, నెట్‌వర్క్ కార్డు, హార్డ్‌డిస్క్, మెమరీ పరిమాణం వంటి వివరాల నుంచి ఆ సంఖ్య తయారవుతుంది. దీన్ని హ్యాష్ అంటారు.

హ్యాష్ ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక భాగం సీరియల్ నంబర్ 83,47,612 అనుకుందాం. దాన్ని 97తో భాగిస్తే శేషం 83. ఆ నంబర్‌ను ఎన్నిసార్లు భాగించినా ఇదే శేషం వస్తుంది. కానీ శేషం 83 అని తెలిసినంత మాత్రాన అసలు నంబర్ చెప్పలేం. 180, 277, 374 ఇలా ఎన్నో సంఖ్యలు 83నే శేషంగా ఇస్తాయి. అసలు హ్యాష్ లెక్క ఇంతకంటే చాలా సంక్లిష్టం కానీ భావం ఇదే. యంత్రంలో ఏమున్నదీ బయటపడకుండానే, ఇది నిన్న చూసిన యంత్రమేనా అన్నది తేల్చవచ్చు.

మెమరీ పెంచినా, ఒకటి రెండు భాగాలు మార్చినా వేలిముద్రలో కొంతే మారుతుంది కాబట్టి సిస్టమ్ ఊరుకుంటుంది. పరిమితి దాటితే ఇది కొత్త యంత్రమని భావించి మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది.

2015లో మారిన దిశ

2015 జులై 29న విండోస్ 10 విడుదలైంది. విండోస్ 7, 8.1 వాడుతున్నవారికి ఏడాదిపాటు ఉచిత అప్‌గ్రేడ్ ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. పాత ఎడిషన్‌కు సరిపడే కొత్త ఎడిషన్ వచ్చేది. మన దేశం వంటి మార్కెట్లలో అమ్మిన విండోస్ 7 హోమ్ బేసిక్ ఉన్నవారికి విండోస్ 10 హోమ్, ప్రొఫెషనల్ ఉన్నవారికి ప్రో దక్కాయి. పెద్ద సంస్థలు వాడే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌కు ఈ ఉచిత అవకాశం లేదు.

ఉచితమైనా ఇది అప్‌గ్రేడ్ లైసెన్సే. వెనుక చెల్లే పాత విండోస్ ఉండాల్సిందే. కాకపోతే రుజువు ఉండే చోటు మారింది. అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు పాత విండోస్ యాక్టివేషన్ సరైనదేనని తేలితే ఆ యంత్రం వేలిముద్ర మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదవుతుంది. దీన్ని ఇప్పుడు డిజిటల్ లైసెన్స్ అంటున్నారు. ఆ తర్వాత అదే యంత్రంలో అదే ఎడిషన్‌ను ఎన్నిసార్లు క్లీన్ ఇన్‌స్టాల్ చేసినా కీ అక్కర్లేదు. ఇంటర్నెట్‌కు కలపగానే సర్వర్ యంత్రాన్ని గుర్తుపడుతుంది.

తొలి నెలల్లో ఒక మెలిక ఉండేది. ముందు పాత విండోస్ లోపలి నుంచి అప్‌గ్రేడ్ చేస్తేనే నమోదు జరిగేది. తొందరపడి నేరుగా డిస్క్‌ను తుడిచి విండోస్ 10 వేసినవారికి, చెల్లే విండోస్ 7 ఉన్నా, యాక్టివేషన్ దొరకలేదు. హక్కు ఉన్నా యంత్రం ఒప్పుకోని సందర్భం ఇది. 2015 నవంబర్‌లో వచ్చిన వెర్షన్ నుంచి విండోస్ 7, 8, 8.1 కీలను నేరుగా టైప్ చేసే వీలు ఇవ్వడంతో ఆ ఇబ్బంది తీరింది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సందర్భం తర్వాత వచ్చింది. ఉచిత అవకాశం గడువు 2016 జులై 29తో ముగిసింది. కానీ సర్వర్లు పాత కీలను ఆ తర్వాత కూడా ఒప్పుకుంటూనే వచ్చాయి. ఆ దారిని మూసేశామని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లో ప్రకటించింది. మధ్యలో ఏడేళ్లకు పైగా ప్రకటించిన గడువు ఒకటి, యంత్రం చేసే పని ఇంకొకటి. ఇప్పుడు పాత విండోస్ 7 కీతో కొత్తగా విండోస్ 10 లేదా 11 యాక్టివేట్ చేయవచ్చన్న సలహా ఎవరైనా ఇస్తే అది కాలం చెల్లిన సలహానే.

మదర్‌బోర్డు మారితే ఏమవుతుంది?

పాత లైసెన్స్ ఏ రకానిదో దాని మీద నిలిచే అప్‌గ్రేడ్ కూడా ఆ రకానిదే అవుతుంది. విండోస్ లైసెన్స్‌లు ముఖ్యంగా మూడు రకాలు.

లాప్‌టాప్ లేదా బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొన్నప్పుడు కంపెనీ వేసి ఇచ్చేది ఓఈఎం లైసెన్స్. అది ఆ యంత్రంతోనే పుట్టి ఆ యంత్రంతోనే పోతుంది. విండోస్ 8 నుంచి ఇలాంటి యంత్రాల మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే కీ దాగి ఉంటుంది. అందుకే కొత్త లాప్‌టాప్‌ల అడుగున కీ అచ్చువేసిన స్టిక్కర్ కనిపించదు. హార్డ్‌డిస్క్ మార్చినా, ఫార్మాట్ చేసినా ఈ లైసెన్స్‌కు ఢోకా లేదు. పాడైన మదర్‌బోర్డును కంపెనీ మార్చి ఇస్తే కూడా లైసెన్స్ కొనసాగుతుంది. వేగం కోసం మనమే కొత్త మదర్‌బోర్డు వేయిస్తే మాత్రం లైసెన్స్ దృష్టిలో అది కొత్త కంప్యూటర్. పాత లైసెన్స్ దానికి రాదు.

దుకాణంలో విడిగా కొనే రిటైల్ లైసెన్స్ రెండో రకం. పాత యంత్రం నుంచి తీసేసి కొత్త యంత్రంలో వేసుకోవచ్చు. ఒకేసారి రెండింటిలో వాడకూడదు. 2016 ఆగస్టులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి డిజిటల్ లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపెట్టే వీలుంది. మదర్‌బోర్డు మార్చాక సెట్టింగులలోని ట్రబుల్‌షూటర్ ద్వారా పాత లైసెన్స్‌ను కొత్త బోర్డుకు తెచ్చుకోవచ్చు. అయితే ఆ ముడి వేయాల్సింది మార్చక ముందే.

మూడోది సంస్థలు పెద్దసంఖ్యలో కొనే వాల్యూమ్ లైసెన్స్. బడులు, కాలేజీలు, చిన్న కంపెనీలు పొరబడేది దీని దగ్గరే. డెస్క్‌టాప్ విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే వాల్యూమ్ లైసెన్స్‌లన్నీ అప్‌గ్రేడ్ లైసెన్స్‌లే. ధర తగ్గుతుందని ఏ విండోసూ లేని అసెంబుల్డ్ కంప్యూటర్లు 30 కొని, వాటికి 30 వాల్యూమ్ లైసెన్స్‌లు తీసుకుంటే యంత్రాలు చక్కగా యాక్టివేట్ అవుతాయి. అయినా ఆడిట్‌లో అవి లైసెన్స్ లేనివిగానే తేలతాయి. కింద నిలవాల్సిన మొదటి లైసెన్స్ లేదు కదా! ఇలాంటివాటిని సరిచేసుకోవడానికి గెట్ జెన్యూన్ పేరుతో మైక్రోసాఫ్ట్ వేరే ఒప్పందం ఇస్తుంది. దానికి విడిగా చెల్లించాలి. ముందే తెలిస్తే టెండర్ దశలోనే ఈ ఖర్చు లెక్కలోకి వస్తుంది.

కొన్ని వందల రూపాయల కీలు

ఇంటర్నెట్‌లో కొన్ని వందల రూపాయలకే విండోస్ కీలు అమ్మేవారు కనిపిస్తారు. వాటిలో చాలావాటికి వాల్యూమ్ లైసెన్స్‌లే మూలం. ఒక సంస్థకు ఇచ్చిన మల్టిపుల్ యాక్టివేషన్ కీని నిర్ణీత సంఖ్యలో యంత్రాలకు వాడవచ్చు. దాన్ని బయటివారికి విడివిడిగా అమ్మితే మొదట్లో కీ పనిచేస్తుంది. పరిమితి నిండినప్పుడో, కంపెనీ ఆ కీని రద్దు చేసినప్పుడో ఆగిపోతుంది.

సంస్థ సొంత సర్వర్ ద్వారా యాక్టివేట్ చేసే పద్ధతి మరొకటి. ఇందులో కనీసం 25 కంప్యూటర్లు ఆ సర్వర్‌ను అడిగితే తప్ప అది యాక్టివేషన్ మొదలుపెట్టదు. ఒకసారి దొరికిన యాక్టివేషన్ 180 రోజులు ఉంటుంది. ఆ లోగా సర్వర్‌ను మళ్లీ కలవాలి. యాక్టివేటర్ పేరుతో దొరికే దొంగ ప్రోగ్రామ్‌లలో చాలావరకు ఇలాంటి సర్వర్‌లా నటిస్తాయి. తమను నడపాలంటే యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతాయి. భద్రత కోసం కొత్త విండోస్‌కు మారాలనుకున్నవారు తలుపు తీసి దొంగను పిలిచినట్టే అవుతుంది.

చట్టపరంగానూ ఇది చిన్న విషయం కాదు. అక్రమ నకలని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటాయి. లాభం కోసమో వ్యాపారంలోనో వాడలేదని రుజువైతే, జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే విచక్షణ కోర్టుకు ఉంది. మరోవైపు, న్యాయంగా కొన్నవారు పోకుండా చెడిపోకుండా బ్యాకప్ నకలు దాచుకోవడాన్ని ఇదే చట్టం అనుమతిస్తోంది.

విండోస్ 11 దగ్గర ఆగేది ఎక్కడ?

ఇక మొదటి ప్రశ్న. చెల్లే విండోస్ 10 ఉన్నవారు విండోస్ 11కు మారడానికి డబ్బు కట్టనక్కర్లేదు. హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో వస్తుంది. హోమ్ నుంచి ప్రోకు వెళ్లాలంటే మాత్రం విడిగా కొనాలి.

ఈసారి అడ్డు లైసెన్స్ దగ్గర లేదు, హార్డ్‌వేర్ దగ్గర ఉంది. 2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11కు 4 జీబీ మెమరీ, 64 జీబీ స్టోరేజీ, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 ఉండాలి. టీపీఎం అంటే రహస్య సంకేతాలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా అందకుండా విడిగా దాచే చిన్న భాగం. అది విడి చిప్‌గానో ప్రాసెసర్‌లో భాగంగానో ఉంటుంది. ప్రాసెసర్ కూడా ఆమోదించిన జాబితాలో ఉండాలి. కొద్ది మినహాయింపులు తప్ప ఇంటెల్‌లో 2017లో మొదలైన 8వ తరం, ఏఎండీలో రైజన్ 2000 శ్రేణి, ఆపై వచ్చినవే ఈ జాబితాలో ఉన్నాయి.

పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ ఉచిత ప్రోగ్రామ్‌తో ఏది లేదో తెలుసుకోవచ్చు. టీపీఎం లేదని వస్తే వెంటనే కంప్యూటర్‌ను పక్కన పడేయనక్కర్లేదు. చాలా మదర్‌బోర్డుల్లో అది ఉండి కూడా ఆపేసి ఉంటుంది. బయోస్ సెట్టింగులలో ఆన్ చేస్తే చాలు. ప్రాసెసరే పాతదైతే మాత్రం వేరే ఆలోచన చేయాలి. ఈ తనిఖీలను తప్పించి విండోస్ 11 వేసే దారులు ఉన్నాయి. లైసెన్స్ ఉన్న యంత్రం అలా వేసినా యాక్టివేట్ అవుతుంది. కానీ అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది.

మారలేనివారి కోసం విండోస్ 10కు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం పెట్టారు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి కంప్యూటర్ సెట్టింగులను బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టకుండానే ఇందులో చేరవచ్చు. లేదంటే ఒకసారి 30 డాలర్లు కట్టి చేరవచ్చు.

ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ చిక్కును వేరే విధంగా తప్పించుకున్నాయి. ఆపిల్ 2013 అక్టోబర్ నుంచి మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్లను ఉచితంగా ఇస్తోంది. వాటిని ఆపిల్ కంప్యూటర్లలోనే వాడాలన్నది లైసెన్స్ షరతు. అక్కడ కంప్యూటరే లింకు డాక్యుమెంటు. లినక్స్‌లో అప్‌గ్రేడ్ లైసెన్స్ అన్న మాటే లేదు. దాని లైసెన్సే ఎన్ని యంత్రాల్లోనైనా వాడుకోమని, నకలు చేసి పంచుకోమని చెబుతుంది. మన సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా ఈ కోవలోదే. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్‌కు ఇదొక దారి. అయితే అవసరమైన ప్రోగ్రామ్‌లు, ప్రింటర్, తెలుగు టైపింగ్ అందులో పనిచేస్తాయో లేదో ముందే పరీక్షించుకోవాలి.

ఫార్మాట్ చేసే ముందు

ఏ అప్‌గ్రేడ్‌కైనా ముందు ఐదు నిమిషాలు కేటాయిస్తే చాలు. విండోస్ 10లో సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, యాక్టివేషన్ పేజీ తెరవాలి. విండోస్ 11లో అదే పేజీ సిస్టమ్ విభాగంలో ఉంటుంది. ఏ ఎడిషన్ ఉంది, యాక్టివేట్ అయిందా, డిజిటల్ లైసెన్స్ మైక్రోసాఫ్ట్ ఖాతాతో ముడిపడి ఉందా అన్నవి అక్కడే కనిపిస్తాయి. ఎడిషన్ పేరు రాసిపెట్టుకోవాలి. హోమ్ లైసెన్స్ ఉన్న యంత్రంలో పొరపాటున ప్రో వేస్తే సర్వర్ దాన్ని గుర్తించదు. మదర్‌బోర్డు మార్చే ఆలోచన ఉంటే లైసెన్స్‌ను ఖాతాతో ముడిపెట్టడం ముందు పూర్తిచేయాలి. ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి తీసుకోవాలి.

పాత డిస్కులు, స్టిక్కర్లు, బిల్లులను కూడా పారేయకూడదు. సర్వర్ ఈ యంత్రాన్ని గుర్తుపట్టలేనంటే, బడికి లేదా కంపెనీకి ఆడిట్ వస్తే, హక్కు మనదని చూపించగలిగేది ఆ కాగితాలే.